గుండె రక్తనాళంలో స్టెంటు: ఏ పరికరాలతో వేస్తారు? ఇంటివారు తెలుసుకోవలసినవి

(రోగుల కుటుంబ సభ్యులకు ఇచ్చిన ఆరోగ్య ప్రసంగం)



"హైదరాబాద్ తీసుకుపోండి, స్టెంటు వేయవలసి రావచ్చు" అని డాక్టరుగారు చెప్పిన తర్వాత మీరు వరండాలో కూర్చుని మాట్లాడుకునే మాటలు మా నర్సులకు వినబడుతూనే ఉంటాయి. "ఛాతీ కోస్తారట." "స్ప్రింగు పెడతారట, బరువు ఎత్తితే అది జారిపోతుందట." "ఒకసారి వేశారంటే ఇక మాత్రలు మానడానికి లేదట." వీటిలో మొదటి రెండూ నిజం కావు. మూడోది నిజమే. దాని గురించి చివరలో చెబుతాను.

గుండె ఒళ్ళంతటికీ రక్తం పంపుతుంది. అయితే గుండె కూడా ఒక కండరమే, దానికీ రక్తం కావాలి. ఆ రక్తం తెచ్చే ముఖ్యమైన నాళాలు మూడు. వాటి వెడల్పు మూడు నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే. మీలో డ్రిప్పు వేసుకున్న రైతులు ఉన్నారు. పైపులో ఉప్పు పేరుకుంటే చివరి మొక్కలు వాడిపోవడం మీకు తెలుసు. గుండె నాళం గోడలో కొవ్వు పేరుకున్నప్పుడు కూడా అలాగే అవుతుంది. నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు ఛాతీ పట్టేసినట్లు ఉంటుంది. ఒక్కోసారి ఆ కొవ్వు గడ్డ పైపొర చిట్లి, అక్కడ రక్తం గడ్డకట్టి, నాళం ఒక్కసారిగా మూసుకుపోతుంది. అదే గుండెపోటు. డ్రిప్పు పైపులోకైతే యాసిడ్ పారించి శుభ్రం చేసుకుంటారు, గుండె నాళానికి ఆ సౌకర్యం లేదు. అందుకే లోపలి నుంచి దారి చేయాలి.

ఆ దారి చేసే పరికరాలు చాలా చిన్నవి. పెద్ద ఆపరేషన్ బల్ల మీద కత్తులు, కత్తెరలు పరిచి ఉంటాయని మీరు అనుకుంటారు. క్యాథ్ ల్యాబ్ అనే ఆ గదిలో కనబడేవి ఎక్కువగా తీగలు, సన్నని గొట్టాలు. రోగికి మత్తు కూడా పూర్తిగా ఇవ్వరు. మణికట్టు దగ్గర గానీ, గజ్జల దగ్గర గానీ చర్మానికి మాత్రం తిమ్మిరి సూది వేస్తారు. రోగి మెలకువగానే ఉండి డాక్టరుతో మాట్లాడుతుంటాడు.

మొదట ఒక సూదితో ధమనిలోకి దారి చేసి, దానిలో షీత్ అనే పొట్టి గొట్టం పెడతారు. ఇది వాకిలి వంటిది. తర్వాత వచ్చే వస్తువులన్నీ ఈ వాకిలి గుండానే లోపలికి పోతాయి, బయటికి వస్తాయి. ధమని మాటిమాటికీ గాయపడకుండా ఇది కాపాడుతుంది. ఈ గొట్టాల కొలతను ఫ్రెంచ్ అని పిలుస్తారు. మూడు ఫ్రెంచ్‌లు ఒక మిల్లీమీటరు. మణికట్టు నుంచి చేసేటప్పుడు సాధారణంగా వాడేది ఆరు ఫ్రెంచ్‌ల గొట్టం, అంటే రెండు మిల్లీమీటర్లది.

దాని గుండా కాథెటర్ అనే పొడుగాటి గొట్టాన్ని గుండె నాళం మొదలు దాకా పోనిస్తారు. దాని కొన ముందుగానే వంపు తిరిగి ఉంటుంది. ఎడమ నాళానికి ఒక వంపు, కుడి నాళానికి ఇంకొక వంపు. అందులోంచి ఎక్స్‌రేలో కనబడే మందు కొట్టి, తెర మీద నాళం ఎక్కడ సన్నబడిందో చూస్తారు. ఇంతవరకు చేసేది యాంజియోగ్రాం. ఇది పరీక్ష మాత్రమే. ఈ మందు మూత్రపిండాల గుండా బయటికి పోతుంది కాబట్టి, మీ మనిషికి కిడ్నీ జబ్బు ఉన్నా, షుగరుకు మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడుతున్నా, ఇదివరకు స్కానింగ్ మందు పడక దద్దుర్లు వచ్చి ఉన్నా ముందే చెప్పండి. అడిగితే చెబుదాంలే అని ఊరుకోవద్దు.

అడ్డు తొలగించాలని నిర్ణయించాక వచ్చేది గైడ్ వైరు. నా దృష్టిలో ఈ పనంతటిలో అసలైన పరికరం ఇదే, దీని పేరు మాత్రం ఎవరికీ తెలియదు. దీని మందం ఒక మిల్లీమీటరులో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ. పొడవు మాత్రం మనిషి కంటే ఎక్కువ. కొన మెత్తగా, తాకితే వంగిపోయేలా ఉంటుంది. డాక్టరు ఆ కొనను కొద్దిగా వంచి, బయట వేళ్ళతో తిప్పుతూ, సన్నబడిన చోటు దాటించి ఆవలికి తీసుకుపోతారు. ఆడవాళ్ళకు ఇది తేలికగా అర్థమవుతుంది. లంగాకు నాడా ఎక్కించాలంటే ముందు పిన్నీసు దాటాలి కదా. పిన్నీసు ఆవలి పక్కకు వచ్చిందంటే సగం పని అయినట్లే. ఆ తర్వాత బెలూనైనా, స్టెంటైనా ఈ తీగ మీదుగా దారానికి పూస ఎక్కించినట్లు జారుకుంటూ పోతుంది. నాళం పూర్తిగా మూసుకుపోయి చాలా నెలలైన కొందరిలో ఈ తీగ దాటడమే కష్టమవుతుంది. "గంటలో అయిపోతుందన్నారు, ఇంకా రాలేదు" అని బయట మీరు కంగారు పడే సమయంలో లోపల జరిగేది చాలాసార్లు ఇదే.

బెలూను అంటే పిల్లల బుడగ కాదు. అది గట్టి ప్లాస్టిక్ పొర, తీగ చుట్టూ మడత పెట్టి ఉంటుంది. దానిలో నింపేది కూడా గాలి కాదు, ఎక్స్‌రేలో కనబడే మందు కలిపిన ద్రవం. ప్రెషర్ మీటరు ఉన్న చేతి పంపుతో పది, పన్నెండు అట్మాస్ఫియర్ల ఒత్తిడి వరకు, అవసరమైతే ఇంకా ఎక్కువ నింపుతారు. కారు టైరులో ఉండేది రెండు, రెండున్నర మాత్రమే. ఆ కొద్ది క్షణాలు రక్తం ఆగుతుంది కాబట్టి రోగికి ఛాతీలో నొప్పి రావచ్చు. ఇది మీ మనిషికి ముందే చెప్పి పంపండి, భయపడకుండా ఉంటాడు.

స్టెంటు సన్నని లోహపు జాలీ గొట్టం. స్ప్రింగు కాదు. ముడుచుకున్న బెలూను మీద దీన్ని బిగించి ఉంచుతారు. బెలూను విచ్చుకుంటే స్టెంటు కూడా విచ్చుకుని నాళం గోడలోకి ఒదుగుతుంది. బెలూను తీసేస్తారు, స్టెంటు ఉండిపోతుంది. కొన్ని వారాల్లో దాని మీద చర్మం వంటి పలుచని పొర పెరిగి గోడలో కలిసిపోతుంది. ఇక అది జారిపోవడం అనే మాటే లేదు. తాండూరులో బండల పని చేసుకునేవాళ్ళు కూడా డాక్టరు సరేనన్న తర్వాత పనికి పోవచ్చు. ఎప్పుడు పోవాలి, ఎంత బరువు ఎత్తాలి అన్నది స్టెంటు మీద కాదు, గుండె కండరం ఎంత దెబ్బతిన్నదన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

ఈ వైద్యం పాతదేమీ కాదు. 1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువ డాక్టరు తన చేతి నరంలోంచి సన్నని గొట్టాన్ని తన గుండెలోకే పోనిచ్చుకుని, ఎక్స్‌రే తీయించుకున్నాడు. అప్పుడు పెద్దలు మందలించారు. 1956లో నోబెల్ బహుమతి ఇచ్చారు. 1977 సెప్టెంబరు 16న జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్జిగ్ మొదటిసారి గుండె నాళంలో బెలూను విప్పాడు. మొదటి బెలూన్లను ఆయన తన ఇంటి వంటగదిలో కూర్చుని తయారుచేసుకునేవాడు. బెలూనుతో తెరిచిన నాళం చాలామందికి కొన్ని నెలల్లో మళ్ళీ మూసుకుపోయేది. దానికి ఆసరాగా 1986లో ఫ్రాన్సు, స్విట్జర్లాండులలో మొదటి స్టెంట్లు వేశారు.

మన హైదరాబాదుకు కూడా ఇందులో భాగం ఉంది. 1990 దశకంలో స్టెంట్లు విదేశాల నుంచే వచ్చేవి, మామూలు కుటుంబం కొనగలిగే ధర కాదు. గుండె వైద్యులు డాక్టర్ బి. సోమరాజు, తర్వాత రాష్ట్రపతి అయిన శాస్త్రవేత్త అబ్దుల్ కలాం కలిసి తక్కువ ఖర్చులో ఒక స్టెంటు తయారుచేయించారు. దాన్ని కలాం–రాజు స్టెంటు అన్నారు. క్షిపణుల కోసం లోహాల మీద చేసిన పరిశోధన ఇలా గుండె రోగికి పనికివచ్చింది. ఇప్పుడు మన దేశంలో చాలా కంపెనీలు స్టెంట్లు చేస్తున్నాయి. ఇప్పటివి ఎక్కువగా కోబాల్ట్, క్రోమియం లోహాలవి. వాటి జాలీ తీగ దాదాపు తల వెంట్రుకంత సన్నం. నాళం మళ్ళీ మూసుకోకుండా పైన మందు పూసి ఉంటుంది.

ధర సంగతి మీరు తప్పక తెలుసుకోవాలి. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వపు ఔషధ ధరల సంస్థ స్టెంటు ధరకు పరిమితి పెట్టింది. అంతకు ముందు లక్ష దాటి అమ్మిన మందు పూత స్టెంటుకు 29,600 రూపాయలు, మందు పూత లేనిదానికి 7,260 రూపాయలు నిర్ణయించింది. ఆ తర్వాత ధర సవరిస్తూ వస్తున్నారు. స్టెంటు పేరు, కంపెనీ, ధర బిల్లులో విడిగా చూపించాలి. అడగడానికి మొహమాటపడవద్దు. ఆరోగ్యశ్రీలో స్టెంటు వైద్యం ఉంది. 2023 డిసెంబరులో తెలంగాణలో కుటుంబానికి పరిమితి 10 లక్షల రూపాయలకు పెంచారు. హైదరాబాదు బయలుదేరేటప్పుడు రేషన్ కార్డు, ఆధార్ కార్డు సంచిలో వేసుకోండి. పెద్ద ఆసుపత్రిలో దిగగానే ఆరోగ్యమిత్ర ఎక్కడ కూర్చుంటారని అడగండి.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట. గుండెపోటులో నాళం మూసుకున్న నిమిషం నుంచి కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. చచ్చిన కండరాన్ని ఏ స్టెంటూ బతికించలేదు. వికారాబాద్ నుంచి హైదరాబాద్ డెబ్బై కిలోమీటర్లకు అటూ ఇటూ, తాండూరు నుంచి వంద దాటుతుంది. రెండు గంటల లోపల క్యాథ్ ల్యాబ్‌లో బెలూను వేయించలేమనుకుంటే, ఆలస్యం చేయకుండా ముందు ఇక్కడే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి, తర్వాత పెద్ద ఆసుపత్రికి పంపడం మంచిదని గుండె వైద్యులందరూ చెబుతారు. నొప్పి మొదలై పన్నెండు గంటల లోపల ఆ ఇంజెక్షన్ పనికొస్తుంది, మొదటి రెండు మూడు గంటల్లో అయితే చాలా బాగా పనికొస్తుంది. ఇటీవల పక్షవాతం వచ్చినవారికి, కడుపులో రక్తం పోయేవారికి, కొత్తగా ఆపరేషన్ అయినవారికి అది ఇవ్వరాదు, కాబట్టి డాక్టరు అడిగే ప్రశ్నలకు దాచకుండా చెప్పండి.

కానీ జరిగేది ఏమిటంటే, "గ్యాస్ అయి ఉంటుంది" అని సోడా తాగిస్తారు. ఊళ్ళో ఒక గ్యాస్ సూది వేయిస్తారు. తెల్లారాక చూద్దామంటారు. ఆసుపత్రికి వచ్చి, ఈసీజీ తీసి, గుండెపోటు అని తేలాక కూడా "మా పెద్దోడు పట్నంలో ఉన్నాడు, వాడు వచ్చాక సంతకం పెడతాం సిస్టర్" అంటారు. మీ కుటుంబ పద్ధతిని నేను తప్పుపట్టను. పెద్దకొడుకును ఫోనులోనే అడగండి, డాక్టరుతో ఫోనులోనే మాట్లాడించండి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట ఉంటే 108కి ఫోను చేయండి. షుగరు ఉన్నవారికి, ఆడవారికి, ముసలివారికి నొప్పి లేకుండా ఆయాసం, వాంతి, నీరసం మాత్రమే ఉండవచ్చు. బైకు మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకురావద్దు.

దీనికి పూర్తిగా వేరైన సంగతి ఇంకొకటి ఉంది. గుండెపోటు రాలేదు, నడిస్తే కొద్దిగా నొప్పి వస్తుంది, యాంజియోగ్రాంలో "ఒక బ్లాకు డెబ్బై శాతం" అని వచ్చింది. ఇంటివారు ఆ రాత్రికే పొలం అమ్మకానికి పెడతారు. 2020లో ప్రచురించిన ఒక పెద్ద పరిశోధనలో మన దేశంతో సహా 37 దేశాల్లో ఐదు వేల మందికి పైగా ఇటువంటి నిలకడగా ఉన్న రోగులను చూశారు. ముందే స్టెంటు గానీ బైపాస్ గానీ చేయించుకున్నవారికి, మంచి మందులతో ఉండి అవసరమైతేనే చేయించుకున్నవారికి, ప్రాణం నిలబడడంలో తేడా కనబడలేదు. నొప్పి తగ్గడంలో మాత్రం స్టెంటు మేలు చేసింది. ఎడమవైపు ప్రధాన నాళంలోనే అడ్డు ఉన్నవారిది, గుండె బలం బాగా తగ్గినవారిది వేరే లెక్క. కాబట్టి "ఇది ఈ రాత్రికే చేయాలా, ఆగి ఆలోచించుకోవచ్చా? మందులతో చూడవచ్చా? బైపాస్ మేలా?" అని అడగండి. అడిగినందుకు మంచి డాక్టరు ఎవరూ కోపగించుకోరు.

స్టెంటు వేశాక మణికట్టుకు గాలి పట్టీ కడతారు, నెమ్మదిగా వదులు చేస్తారు. గజ్జల నుంచి చేస్తే కాలు కొన్ని గంటలు మడవకూడదు. రక్తం కారినా, వాపు పెరిగినా చేత్తో గట్టిగా అదిమి పట్టి నర్సును కేకేయండి.

ఇక మాత్రల సంగతి. రక్తం గడ్డకట్టకుండా రెండు రకాల మాత్రలు ఇస్తారు, ఆస్పిరిన్ ఒకటి, క్లోపిడోగ్రెల్ గానీ టికాగ్రెలార్ గానీ రెండోది. గుండెపోటు తర్వాత స్టెంటు వేస్తే మామూలుగా ఏడాది పాటు రెండూ వాడాలి, ఆ పైన ఒకటి జీవితాంతం. పైన పొర పెరగక ముందు మాత్ర ఆపితే స్టెంటులోనే రక్తం గడ్డకట్టవచ్చు, అది ప్రాణాంతకం. "ఒంట్లో బాగానే ఉంది, వేడి చేస్తోంది" అని మానవద్దు. పెళ్ళికి పోయి వారం రోజులు మాత్రలు మరిచిపోవద్దు. పన్ను పీకించుకోవాలన్నా, కంటి ఆపరేషన్ అన్నా, ముందు గుండె డాక్టరును అడిగిన తర్వాతే.

డిశ్చార్జి రోజున స్టెంటు కార్డు ఇస్తారు. దాని మీద స్టెంటు పేరు, కొలత, బ్యాచ్ నంబరు, వేసిన తేదీ ఉంటాయి. ఎంఆర్ఐ స్కానింగ్ చేయించవలసి వస్తే ఈ కార్డు చూపించాలి, ఇప్పటి స్టెంట్లతో ఆ స్కానింగ్‌కు భయం లేదు. చాలామంది ఈ కార్డును లామినేషన్ చేయించి పట్టాదారు పాసుపుస్తకంతో పాటు బీరువాలో దాస్తారు. రాత్రి పన్నెండు గంటలకు ఆయాసంతో వచ్చినప్పుడు తాళంచెవి కోడలి దగ్గర ఉంటుంది. కార్డు ఆయన చొక్కా జేబులో ఉండాలి. ఒక ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి.