నీలోఫర్ పుట్టిన ఊళ్లో మూడు రోజులు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉమ్రా ముగించుకుని వస్తూ మా బృందం ఇస్తాంబుల్‌లో మూడు రోజులు ఆగింది. ఆ ముచ్చట చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. ఈమధ్య టూరు ఏజెంట్లు ఉమ్రాతోపాటు ఈ ఊరిని కూడా కలిపి చూపిస్తున్నారు కాబట్టి మీలో కొందరు వెళ్లివచ్చే ఉంటారు. ఫోటోలు అందరి ఫోన్లలోనూ ఉన్నవే. అందుకని ఫోటోలో పడని సంగతులే ఎక్కువ చెబుతాను.

ఈ ఊరిని సముద్రం రెండుగా చీల్చింది. ఇటు ఒడ్డు ఐరోపా, అటు ఒడ్డు ఆసియా. మధ్యలో స్టీమర్లు మన సిటీ బస్సుల మాదిరి తిరుగుతుంటాయి. పేరున్న పెద్ద మసీదులు, మహళ్లు చాలావరకు ఐరోపా ఒడ్డునే ఉన్నాయి.

దిగిన రోజు భాష రాదని భయపడ్డాం. కానీ బజారులో నడుస్తుంటే మన మాటలే చెవిన పడ్డాయి. జేబును వాళ్లు జెప్ అంటారు. దుకాణం దుక్కాన్, జవాబు జెవాప్, తారీఖు తారిహ్, కితాబు కితాప్. మాతో వచ్చిన మా ఆపా బడి మొహం చూడలేదు. రెండో రోజుకల్లా ఆమే బేరాలాడింది, చదువుకున్న మేము వెనక సంచులు మోశాము.

అయా సోఫియా చూశాం. 537లో చర్చిగా కట్టారు, 1453లో మసీదు అయింది, 1935లో మ్యూజియం చేశారు, 2020లో మళ్లీ మసీదు చేశారు. దాని మీద వాదాలు చాలా ఉన్నాయి, ఈ వేదిక మీద వాటిలోకి పోను. ఎదురుగానే ఆరు మీనార్ల సుల్తాన్ అహ్మద్ మసీదు. లోపల నీలి రంగు పలకల పని చూస్తే మెడ నొప్పి పుడుతుంది గాని కన్ను తిప్పబుద్ధి కాదు.

నా మనసు ఆగింది మాత్రం సులేమానియాలో. సులేమాన్ సుల్తాన్ కోసం సినాన్ అనే మేస్త్రి 1550లో మొదలుపెట్టి 1557కు పూర్తి చేశాడు. గుమ్మటం ఎత్తు 53 మీటర్లు. అంత ఎత్తు గుమ్మటం కింద వందల నూనె దీపాలు వెలిగితే మసి పట్టదా? ఆ పొగంతా గాలివాటున పెద్ద దర్వాజా మీది గదిలోకి చేరేటట్టు కట్టాడు. అక్కడ చేరిన మసితో రాతగాళ్లకు సిరా తయారు చేసేవారట. పొగ కూడా వృథా పోలేదన్నమాట.

మసీదు చుట్టూ ఏమున్నాయో చూడండి. మదర్సాలు, వైద్యం నేర్పే బడి, దవాఖాన, ముసాఫిర్లకు బస, పేదలకూ విద్యార్థులకూ వండిపెట్టే వంటశాల. అన్నీ ఒకే ఆవరణలో, ఒకే వక్ఫ్ కింద. ఊళ్ల శిస్తులు, దుకాణాల కిరాయిలు ఆ ఖర్చుకు రాసిపెట్టారు. మనం మసీదు అనగానే గుమ్మటం, మీనార్ లెక్క పెడతాం. కట్టించినవాళ్లు వంటశాలను, దవాఖానను కూడా దాంతో కలిపే లెక్క పెట్టారు. సినాన్ సమాధి ఆ ఆవరణ మూల మీద వీధి పక్కన ఉంది. చిన్నది. చాలామంది చూడకుండానే దాటిపోతారు.

మూడో రోజు దోల్మాబాచె మహలుకు తీసుకుపోయారు. 1856లో పూర్తయింది. 285 గదులు, ఎటు చూసినా బంగారు పూత, దీపాల గుత్తులు. నాకైతే ఊపిరాడలేదు. గైడు ఒక గ్రంథాలయం చూపించి, ఇది చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్‌ది అన్నాడు. 1924 మార్చి 3న ఖిలాఫత్ రద్దయింది. ఆ రాత్రే ఆయనను కుటుంబంతో సహా ఈ మహలు నుంచి బయల్దేరదీసి, ఊరి బయట స్టేషనులో రైలెక్కించి దేశం దాటించారు. ఆయన 1944లో పారిస్‌లో పోయారు, ఆఖరికి మదీనాలో ఖననమయ్యారు. మేము ఆ మదీనా నుంచే వచ్చాం కదా, కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

ఆయన కూతురు దుర్రె షెహ్‌వార్. ఆ వంశపు మరో ఆడపిల్ల నీలోఫర్, 1916లో ఇస్తాంబుల్‌లోనే పుట్టింది. ఎనిమిదేళ్ల వయసులో ఇల్లు వదిలి ఫ్రాన్సు చేరింది. 1931 నవంబరు 12న ఫ్రాన్సులోని నీస్ పట్నంలో ఈ ఇద్దరికీ మన నిజాం కొడుకులతో నికాహ్ జరిగింది. నీలోఫర్‌కు అప్పటికి 15 ఏళ్లు. ఆమెకు పిల్లలు కలగలేదు. తన దగ్గర పనిచేసే అమ్మాయి కాన్పులో చనిపోతే తట్టుకోలేక తల్లీపిల్లల దవాఖాన కోసం పట్టుబట్టింది. 1953లో అది తెరుచుకుంది. దాని పేరు నేను చెప్పక్కరలేదు. మన రెండు జిల్లాల్లో ఆ పేరు తెలియని తల్లి ఉండదు.

ఇంకొక సంగతి నాకు అక్కడికి పోయాకే తెలిసింది. దోల్మాబాచె మహలు పక్కన సముద్రం అంచున ఒక మసీదు ఉంది. దాన్ని కట్టించబూనినది ఆ మహలు కట్టించిన సుల్తాను తల్లి, బెజ్మిఆలం. పూర్తి కాకముందే 1853లో పోయింది, కొడుకు పూర్తి చేయించాడు. ఆ తల్లే 1845లో పేదల కోసం ఒక దవాఖాన తెరిపించింది. పేరు గురబా. అంటే మన గరీబు మాటే, గరీబుల దవాఖాన. ఈనాటికీ అక్కడ వైద్యం నడుస్తున్నది. ఆమె మనవడు ఐదో మురాద్, మురాద్ మునిమనవరాలు మన నీలోఫర్. ముత్తవ్వల నాటి ఆ దవాఖాన నీలోఫర్ మనసులో ఉందో లేదో ఎవరు చెప్పగలరు? వంశం మాత్రం అదే.

చాలామందిమి దర్బారు హాలులో దీపాల గుత్తి కింద నిలబడి ఫోటో దిగాం. ఆ మసీదు ముందర దిగినవాళ్లు నలుగురైదుగురే.

ఎందుకు ఇంత సాగదీస్తున్నానో చెబుతాను. మా ఖాలా దేవరకొండ పక్క పల్లెలో తొలి కాన్పుకు ఎడ్లబండి మీద బయల్దేరి దారిలోనే పోయింది. నాకప్పుడు ఆరేళ్లు. ఆ బండికి కట్టిన ఎర్ర దుప్పటి ఇంకా గుర్తుంది. అదే ఇంట్లో ఆరేళ్ల కింద నా మనవరాలు ఏడో నెలలో పుట్టింది. నీలోఫర్‌లో పదకొండు రోజులు అద్దాల పెట్టెలో ఉంది. ఈ సంవత్సరం బడిలో వేశాం, అల్లరికి పట్టపగ్గాలు లేవు.

ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండలో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. కాన్పులు చాలావరకు ఇక్కడే అవుతున్నాయి, సంతోషం. కానీ పసిపిల్లకు ప్రాణం మీదికి వస్తే ఇంకా వంద కిలోమీటర్లు పట్నం పోవలసివస్తున్నది. పోయినవాళ్లకు ఏ కౌంటరు, ఏ కాగితం, రాత్రి ఎక్కడ తలదాచుకోవాలె, రక్తం ఎవరిని అడగాలె, ఏదీ తెలియదు. ఒళ్లో పిల్లను పెట్టుకుని ఆ తల్లి ఎంతమందిని అడుగుతుంది?

ప్రతి ఏడూ మన సంఘం షాదీలకు, స్కాలర్‌షిప్పులకు కొంత తీసిపెడుతున్నది. ఈ ఏడు ఇంకొక ఖాతా తెరవమని కోరుతున్నాను. భవనం వద్దు, శంకుస్థాపన వద్దు. నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్, జడ్చర్ల, నారాయణపేట, ఊరికి ఇద్దరు చొప్పున దవాఖాన తోవ తెలిసినవాళ్ల పేర్లు, ఫోను నంబర్లు, రక్తం గ్రూపులు ఒక రిజిస్టరులో ఉండాలె. అర్ధరాత్రి ఫోనొస్తే లేచి తోడు పోవాలె. ఆటో కిరాయి, పూట భోజనం ఖాతాలోంచి రావాలె. వచ్చినవాళ్లు ఏ మతంవాళ్లని అడగొద్దు.

రిజిస్టరు కొని తెచ్చాను, కార్యదర్శిగారి బల్ల మీద ఉంది. మొదటి పేరు మా ఆపాది. ఆ పదకొండు రోజులూ పిల్ల దగ్గర ఉన్నది ఆమెనే. ఏ మెట్లు ఎక్కితే ఏ వార్డు వస్తుందో నోటికి చెబుతుంది. సంతకం రాదు కాబట్టి వేలిముద్ర వేసింది. భోజనాలకు లేచే ముందు మిగతా పేర్లు రాయించండి.