మంత్రివర్గములను కూల్చిన ఒక నిబంధన

(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



1905లో జపాను రష్యాను ఓడించినప్పుడు ఆసియాఖండమంతయు ఆశ్చర్యపడెను. మన దేశమందును ఆ విజయమునకు మురిసినవారు పెక్కురు. కాని గెలిచినవారి ఇంట ఏమి జరుగుచుండెనో విచారించినవారు తక్కువ. నేను చెప్పదలచినది ఆ ఇంటిమాటయే.

జపానులో 1889లో రాజ్యాంగము వెలువడెను. మరుసటి యేడు శాసనసభ ఏర్పడెను. అయినను ప్రధానమంత్రిని ఎన్నుకొనునది సభ కాదు. ‘గెన్రో’ అనబడు కొందరు వృద్ధ రాజనీతిజ్ఞులు తమలో తాము ఆలోచించుకొని ఒకరి పేరును చక్రవర్తికి విన్నవించెడివారు. వారిలో మిక్కిలి బలవంతుడు యమగత అరితోమో అను సేనాని. 1900లో ఆయన ప్రధానిగా నున్నప్పుడు ఒక ఉత్తరువు వెలువడెను: సైన్యమంత్రి, నౌకాదళమంత్రి పదవులకు ఉద్యోగమందున్న సేనానులే అర్హులు. చూచుటకు చిన్నమాట. కాని చెరువు ఊరందరిదైనను తూముతాళము ఒక్కనిచేత నున్నచో నీరు ఎవరిదో మీకు నేను చెప్పనక్కరలేదు.

1912లో ఆ తాళము పడెను. రష్యా యుద్ధపు అప్పులతో ఖజానా క్రుంగియుండెను. ప్రధాని సైయోంజి కిమ్మోచి పొదుపు తలపెట్టెను. కొరియాలో నిలుపుటకు మరి రెండు డివిజనులు కావలెనని సైన్యము పట్టుపట్టెను. మంత్రివర్గము కాదనగా సైన్యమంత్రి ఉయెహర డిసెంబరులో రాజీనామా నిచ్చెను; మరియొకనిని ఇచ్చుటకు సైన్యము నిరాకరించెను. శాసనసభలో అధికసంఖ్యాకుల బలము గల మంత్రివర్గము ఒక్క కుర్చీ నిండనందున కూలిపోయెను.

తరువాత వచ్చిన కత్సుర తరో చక్రవర్తి ఆజ్ఞాపత్రములను అడ్డుపెట్టుకొని నెగ్గుకొనిరాజూచెను. 1913 ఫిబ్రవరి 5న ఒజకి యుకియో సభలో లేచి, వీరు సింహాసనమును కోటగోడగా చేసికొని రాజాజ్ఞలను ఆయుధములుగా విసరుచున్నారని ఎదుటనే నిందించెను. (టోక్యో నగరాధ్యక్షుడుగా నుండి అమెరికా రాజధానికి చెర్రీ చెట్లను పంపినవాడు ఈయనయే, పూలచెట్లను ప్రేమించువాడు మెత్తనివాడని కత్సుర తలచెనేమో!) 10వ తేదీన వేలకొలది జనము సభాభవనమును చుట్టుముట్టెను. ప్రభుత్వపక్షపు పత్రికల కార్యాలయములు, పోలీసు చౌకీలు దాడులకు, మంటలకు గురియయ్యెను. ఆ నెలలోనే కత్సుర పదవి వీడెను.

పిమ్మట యమమొతో మంత్రివర్గము నిబంధనను సడలించి, ఉద్యోగము చాలించిన రిజర్వు సేనానులను గూడ అర్హులను చేసెను. ఇది ప్రజలు గెలిచిన గెలుపేయని నా అభిప్రాయము. కాని అట్టివాడొక్కడైనను ఆ పదవికి వచ్చిన దాఖలా లేదు! 1936లో హిరోత మంత్రివర్గము పాత నిబంధనను మరల తెచ్చెను. 1937లో ఉగకి, తాను స్వయముగా సేనానియైయుండియు, సైన్యము మంత్రిని ఈయనందున మంత్రివర్గమునే కూర్చలేకపోయెను. 1940 జూలైలో యొనై మంత్రివర్గము 1912 నాటి విధముననే కూలెను. ఆ సెప్టెంబరులో జపాను జర్మనీ, ఇటలీలతో సైనికపు ఒడంబడిక చేసికొనెను.