కణములకు అందు కబురు

మహమ్మద్‌నగర్ ప్రాంతమువారికి నిజాంసాగరము దూరపు మాట కాదు. 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన ఆ జలాశయమున మంజీర నీరు నిలిచియుండును. నీరు విడువుమని ఆజ్ఞ వచ్చును. లస్కరు తూము తలుపు ఎత్తును. పెద్దకాలువ నుండి ఉపకాలువలకు, అచ్చటినుండి పిల్లకాలువలకు నీరు పారును. ఆ ఆజ్ఞలో నీటిబొట్టు లేదు. ఉన్నది కబురు మాత్రమే. మన శరీరమందలి కణములు రసాయనముల ద్వారా ఒండొంటితో మాటలాడు తీరును ఇట్టిదే.

గట్టుమీద నడచుచుండగా పాము కనబడినదనుకొందము. మూత్రపిండములపైనున్న చిన్న గ్రంథులు అడ్రినలిన్ అను ద్రవ్యమును రక్తములోనికి విడుచును. అది కాలేయమును చేరును. అచ్చటి కణములలో చక్కెర, గ్లైకోజెన్ రూపమున నిలువయై యున్నది. పరుగెత్తు కండరములకు అది కావలెను. అయితే వార్త తెచ్చిన అడ్రినలిన్ కణములోనికి పోనే పోదు. కణపు పొరయందున్న గ్రాహకమను ప్రోటీనును తాకి, వాకిటనే నిలిచిపోవును. ఆ తాకిడికి గ్రాహకము ఒకింత రూపు మార్చుకొనును. లోపలివైపుననున్న జి-ప్రోటీను మేలుకొనును. అది ఒక ఎంజైమును పురికొల్పును. ఆ ఎంజైము ఏ.టి.పి. అను పదార్థమునుండి చక్రీయ ఏ.ఎం.పి. అను చిన్న అణువులను తయారుచేయును. ఇవి లోపలి వార్తాహరులు. కాలేయముపై పరిశోధించుచు వీనిని కనుగొన్న అమెరికా శాస్త్రజ్ఞుడు ఎర్ల్ సదర్లండునకు 1971లో నోబెల్ బహుమానము లభించెను. అటుపైన ఎంజైములు ఒకదానికొకటి ఫాస్ఫేటు తగిలించి మేలుకొలుపుచు పోగా, గ్లైకోజెన్ విడివడి గ్లూకోజుగా రక్తమున కలియును. మెట్టుమెట్టునకు కబురు పెక్కింతలగును.

ఏ.టి.పి. అనగానే మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు తలపునకు వత్తురు. హార్వర్డులో ఫిస్కెతో కలసి వారు 1929లో దీనిని కండరమునుండి వేరుచేసిరి. ఆ యేడే జర్మనీలో లోమన్ కూడ ఇందు కృతకృత్యుడయ్యెను. శక్తికి మూలమైన ఈ పదార్థమే కబురు వ్రాయు కాగితము కూడ అగునని అప్పటికి ఎవ్వరికిని తెలియదు.

ఇక కబురు ముగియుట. ఎత్తిన తలుపు దించనిచో పొలము మునిగిపోవును గదా! కణమున జి-ప్రోటీను కొద్దిసేపటికి తనంతట తానే సద్దుమణగును. మరియొక ఎంజైము చక్రీయ ఏ.ఎం.పి.ని విరిచివేయును. కలరా చేయు ద్రోహము సరిగా ఇచ్చటనే యున్నది. 1959లో కలకత్తాలోని శంభునాథ్ డే, కలరా క్రిములు పెరిగిన ద్రవమునుండి క్రిములను వడగట్టి తీసివేసి, మిగిలిన ద్రవమును కుందేలు ప్రేగులో నుంచిరి. క్రిమి లేకున్నను ప్రేగు నీటితో ఉబ్బెను. దోషి క్రిమి విడుచు విషమన్నమాట. ఇంత సాదా ప్రయోగముతో ఇంత పెద్ద నిజమును చూపిన డేగారికి దక్కవలసినంత పేరు దక్కలేదని నా తలంపు.

ఆ విషము ప్రేగుకణములలోని జి-ప్రోటీనును సద్దుమణగనీయదు. పాము లేదు, పిలుపు లేదు. అయినను చక్రీయ ఏ.ఎం.పి. పెరుగుచునే యుండును. కణములు లవణములను ప్రేగులోనికి వదలును. వానివెంట నీరు పోవును. తీవ్రమైన కలరాలో గంటకు లీటరు నీరు సయితము పోవచ్చును. ప్రేగునకు చిల్లిపడలేదు, కణము చావలేదు. మూయవలసిన తలుపు మూతపడలేదు, అంతియే.

అదృష్టవశమున మరియొక ద్వారము చెడదు. గ్లూకోజును, ఉప్పును జంటగా లోనికి తెచ్చు ద్వారమది. వానితో నీరును వచ్చును. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు చేరిన బనగావ్‌లో దిలీప్ మహలనాబిస్ ఈ ద్వారమునే నమ్మి, చక్కెర, ఉప్పు కలిపిన నీటిని త్రాగించిరి. అంతకుముందు నూటికి ముప్పదిమంది వరకు మరణించుచుండగా, ఆ సంఖ్య నాలుగునకు లోపుగా తగ్గెను.

ఓ.ఆర్.ఎస్. పొట్లము దొరకనిచో, కాచి చల్లార్చిన లీటరు నీటిలో చదునుగా తీసిన ఆరు టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు కలుపవలెను. ఉప్పు అంతకు మించరాదు. వాంతియైనచో పదినిమిషములు ఆగి, చెంచాచెంచాగా మరల త్రాగింపవలెను. రోగి మగతగా నున్నను, త్రాగలేకున్నను ఇంట నుంచుకొనక వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. అచ్చట నరముగుండా సెలైను ఎక్కింతురు.