చీకటి సముద్రములో పగడపు దిబ్బలు

పగడ మనగానే మన యిండ్లలో మొదట స్ఫురించునది ఆభరణము. నల్లపూసల నడుమ ఎఱ్ఱగా మెఱయు పగడమును ఎఱుగని తెలుగు ముత్తైదువ అరుదు. భూగోళము చదివిన పిల్లలకు స్ఫురించునది మఱొకటి: నీలపు నీరు, నిండు ఎండ, రంగురంగుల చేపలు, లక్షదీవుల వంటి పగడపు దీవి. ఈ రెండవ చిత్రము వలన పగడపు జీవి ఎండ లేనిదే బ్రతుకదను భావము మనలో స్థిరపడినది. నిజమునకు మన మెడలోని ఎఱ్ఱ పగడమే ఎండను కోరునది కాదు. మధ్యధరా సముద్రములో బండల నీడలను, గుహలను ఆశ్రయించి మసక వెలుతురులో అది పెరుగును.

నేడు ప్రస్తావించునవి అంతకంటె లోతున, సాధారణముగా కొన్ని వందల మీటర్ల దిగువన, 4 మొదలు 12 సెంటిగ్రేడు డిగ్రీల చలిలో బ్రతుకు పగడములు. ఎండ తగులు పగడముల దేహములో సూక్ష్మమైన నాచుజాతి మొక్కలు కాపురముండి, వెలుతురు సాయమున ఆహారము వండిపెట్టును. లోతు పగడములకు అట్టి వంటవారు లేరు. పైనుండి రాలు కణములను, ప్రవాహము మోసికొని వచ్చు చిన్న ప్రాణులను చేతులు చాచి పట్టుకొనవలసినదే. వీనిలో పేరు పొందినది లోఫీలియా. 1758లో లిన్నేయస్ పండితుడు ఈ జాతికి శాస్త్రనామము నిచ్చెను. ఇటీవల దీనిని డెస్మోఫిల్లమ్ అను ప్రజాతిలో చేర్చిరి గాని పాతపేరే నోట నిలిచినది. దీని కొమ్మ ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు, మహా అయిన రెండున్నర సెంటీమీటర్లు పెరుగును. చచ్చిన కొమ్మపై క్రొత్త కొమ్మ నిలిచి, వేల ఏండ్లకు దిబ్బ యగును. ఆ సందులలో చేపలు, పీతలు, నత్తలు, నక్షత్రపు చేపలు ఇల్లు కట్టుకొనును.

నార్వే తీరమున పొడవైన త్రాటికి వందల గాలములు కట్టి చేపలు పట్టువారు ఈ దిబ్బలను శాస్త్రజ్ఞులకంటె ముందే ఎఱుగుదురు. గాలమునకు తెల్లని కొమ్మ చిక్కిన చోట చేపలు మెండుగా నుండునని వారి అనుభవము. అటుపిమ్మట బరువైన ట్రాలు వలలతో సముద్రపు నేలను ఈడ్చుకొనిపోవు పెద్ద ఓడలు వచ్చినవి. కొమ్మలు తునుకలైనవి, చేపలు తగ్గినవి. గాలములవారు మొఱపెట్టుకొనగా ప్రభుత్వ పరిశోధకులు కెమెరాలు దింపి చూచిరి. నార్వే దిబ్బలలో 30 మొదలు 50 శాతము వఱకు దెబ్బతిన్నవని 2002లో వెలువడిన అంచనా. 1999లోనే ఆ దేశము శాసనము చేసి, సూలా దిబ్బ వద్ద ట్రాలు వలను నిషేధించెను. 2002లో రోస్ట్ దీవికి పడమరగా మఱొక దిబ్బ బయటపడినది: దాదాపు 35 కిలోమీటర్ల పొడవు, 3 కిలోమీటర్ల వెడల్పు. ఇంతటిది అంతవఱకు పటములలో లేదు!

కావున ప్రశ్న యిది. కంటికి కనబడని దానిని కాపాడుట యెట్లు? ఎక్కడ నున్నదో తెలియక మునుపే వల దానిపై నడచిన, తెలిసిన పిమ్మట చేయునదేమి?

మొదటి సాధనము ధ్వని. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్లు పోవును. 750 మీటర్ల లోతున్న చోట ఓడ నుండి వెడలిన ధ్వని ఒక్క సెకనులో నేలను తాకి తిరిగివచ్చును. నేటి ఓడలు ఒక్క ధ్వనిని గాక, విసనకఱ్ఱ విప్పినట్లు వందల కిరణములను ఒకేసారి దిగువకు పంపి, వచ్చిన ప్రతిధ్వనులతో మిట్టపల్లములను గీయును. అయితే ఓడ వెళ్లిన మేరకే ఈ చిత్రము. మిట్ట కనబడును గాని, దానిపై ప్రాణమున్న పగడ మున్నదా, ఎన్నడో చచ్చిన దున్నదా, వట్టి రాయి యున్నదా అనునది కెమెరా దింపిననే నిశ్చయముగా తెలియును.

రెండవది గణితము. మన రైతు తమలపాకు తోట వేయదలచినప్పుడు నేల చూచును, నీరు చూచును, గాలివాటము చూచును. బాగుగా పండిన తోటల లక్షణములను మనసులో నుంచుకొని, అట్టి నేల మఱెక్కడ నున్నదో వెదకును. శాస్త్రజ్ఞులు చేయునదియు నిదియే. పగడము దొరికిన చోటుల జాబితా తీసికొని, అక్కడి చలి, ఉప్పదనము, ప్రాణవాయువు, నేల వాలు మున్నగువానిని లెక్కించి, అట్టి లక్షణములే గల చోటులను యంత్రముచేత వెదకింతురు. 2011లో డేవిస్, గినాట్ అను వారు దిబ్బలు కట్టు ఐదు జాతులకు ప్రపంచ సముద్రములను సుమారు 1 కిలోమీటరు గడులుగా విభజించి ఇట్టి పటము ప్రకటించిరి.

ఈ లక్షణములలో ఒకదానిని ప్రత్యేకముగా చెప్పవలెను. పగడపు అస్థిపంజరము ఆరగొనైట్ అను సున్నపు పదార్థము. కొంత లోతునకు దిగువ ఈ పదార్థము నీటిలో కరగిపోవ నారంభించును. ఉత్తర అట్లాంటిక్ సముద్రములో ఆ హద్దు 2000 మీటర్లకు దిగువన నున్నది. ఉత్తర పసిఫిక్ లో కొన్ని వందల మీటర్లకే వచ్చును. దిబ్బలు అట్లాంటిక్ లో విస్తారముగాను, అచట అరుదుగాను ఉండుటకు ఇది ముఖ్య కారణమని పలువురి అభిప్రాయము. మనము కాల్చు బొగ్గు, నూనెల వాయువును సముద్రము పీల్చుకొనుకొలది ఈ హద్దు పైకి వచ్చుచున్నది. నేటి పటము రేపటికి చెల్లదు.

మన బంగాళాఖాతమున నడిలోతుల ప్రాణవాయువు మిక్కిలి తక్కువ. అయినను ఈ సముద్రములలో లోతు పగడములు లేకపోలేదు. ఇన్వెస్టిగేటర్ అను సర్వే ఓడ లోతులనుండి పైకి దీసిన పగడములను వర్ణించుచు ఆల్కాక్ అను వైద్యుడు 1898లోనే గ్రంథము వెలువరించెను.

ఈ పటములను ఎంతవఱకు నమ్మవచ్చును? 2014లో న్యూజిలాండు వారి టాంగరోవా నౌక లూయివిల్ సముద్రపర్వతముల పంక్తికి పోయి, పటము చెప్పిన మాటను కెమెరాతో పరీక్షించినది. పటము ఆశ చూపిన పలుచోటుల పగడపు దిబ్బ కానరాలేదు. లోతుల కొలతలే అచట సరిగా లేకపోవుట, నేల రాయియో బురదయో తెలియకపోవుట కారణములని తేల్చిరి. మఱొక చిక్కు గూడ నున్నది. పగడము దొరికిన చోటు వ్రాసిపెట్టుదురు గాని, వెదకి దొరకని చోటును వ్రాసిపెట్టువారు తక్కువ. యంత్రమునకు ఎవరును పోని చోటు, పోయి లేదని చూచిన చోటు ఒక్కటే యగును.

ఇది పండితుల తర్కము మాత్రమే కాదు. 2006లో ఐక్యరాజ్య సమితి సర్వసభ, లోతు పగడముల వంటివి ఉన్నట్లు తెలిసిన చోటులతో బాటు ఉండుటకు అవకాశమున్న చోటులను గూడ కాపాడవలెనని సభ్యదేశములను కోరెను. 2022లో ఐరోపా సమాఖ్య తన అట్లాంటిక్ జలములలో 87 చోటుల, మొత్తము 16,419 చదరపు కిలోమీటర్ల మేర, 400 మీటర్లకు దిగువన నేలను తాకు వలలను, గాలపు త్రాళ్లను నిషేధించెను. స్పెయిన్ జాలరులు మండిపడిరి. ఆ దేశము న్యాయస్థానమునకు పోయెను. గాలముల త్రాడు ట్రాలు వల వంటిది కాదు గదా యని వారనుటలో న్యాయము లేకపోలేదు. నార్వేలో మొదట మొఱపెట్టినవారు గాలములవారే యని మఱువరాదు. నా మట్టుకు నాకు తోచునది: గణితపు పటమును చూచి హద్దు వేయుట తప్పు కాదు, వేసి, ఆ పిమ్మట కెమెరా పంపకుండుట తప్పు. పగడము లేదని తేలిన చోటును తిరిగి తెఱచుటకు ఒక్క ఉత్తరువు చాలును.

పరీక్షించుటకు ఎంత కాలము పట్టునో అమెరికా తూర్పుతీరపు బ్లేక్ పీఠభూమి చెప్పుచున్నది. ఫ్లారిడా మొదలు దక్షిణ కరొలైనా వఱకు, 500 కిలోమీటర్ల పొడవున అచట పగడపు మిట్టలు వ్యాపించి యున్నవని 2024 జనవరిలో ప్రకటించిరి. నేటికి తెలిసిన లోతు పగడపు సీమలలో అదియే పెద్దది. ఆ పటమునకు 31 ధ్వని సర్వేల ఫలితములు కూర్పవలసి వచ్చెను. అందు లెక్కకు వచ్చిన శిఖరములు 83,908. జలాంతర్గామి యంత్రములు దిగి చూచినది 23 పర్యాయములు.