దృశ్యగీత విద్య



వైద్యమునకును న్యాయవాదమునకును మన సంఘము విద్యార్థివేతనము లొసంగుచున్నది. పాటలకు దృశ్యరూపము గల్పించు విద్యకును అందు చోటుండవలెనని మా మనవి.

జలంధరమున 1961లో జన్మించిన తర్సేమ్ సింగుగారిని జూడుడు. అమెరికాలోని పాసడేనా నగరమున కళాశాలలో జదివి, 1991లో ఆర్.ఇ.ఎం. బృందమువారి 'లూజింగ్ మై రిలిజియన్' పాటకు వారు దృశ్యగీతమును దీసిరి. పాటలోని ప్రతిమాటకును బొమ్మ జూపుట వారి పద్ధతి గాదు. ఇటలీ చిత్రకారుడగు కారవాజ్జో వెలుగునీడలను, మన క్యాలెండరులలోని దేవతామూర్తుల వర్ణములను ఒక్కచోట గూర్చిరి. ఆ యేట ఎం.టి.వి. వారి యుత్తమ దృశ్యగీత బహుమానము దానికే లభించెను. పిదప ప్రకటనచిత్రములు దీయుచు, 2000లో 'ది సెల్', 2006లో 'ది ఫాల్' అను చలనచిత్రములకు దర్శకత్వము వహించిరి. రెండవదానికి స్వార్జితమునే చాలవఱకు వెచ్చించిరి.

అట్టి క్యాలెండరు మన యిండ్లలోను గలదు. దానిని తదేకముగా జూచు పిల్లవానిని పనిలేనివాడని గద్దించుటయు గలదు. ఈ యేడు ఒక్క వేతనమైనను అట్టి బాలునకో బాలికకో యొసంగుడని దాతలను ప్రార్థించుచు విరమించుచున్నాము.