కొండమీది రూపం, బావి దగ్గరి కథ



అనకాపల్లి దగ్గర శంకరంలోని లింగాలకొండ మనకు తెలిసినదే. ఆ కొండరాతినే చెక్కి బౌద్ధులు వరుసలు వరుసలుగా స్తూపాలు చేశారు. పెద్దవైనా చిన్నవైనా ఆకారము ఒకటే. ఇట్లు మరల మరల వచ్చే రూపాన్ని కళలలో 'మోటిఫ్' అంటారు. చీర అంచున మామిడిపిందెల వంటిదన్నమాట. బౌద్ధులు పోయిన తరువాత వచ్చినవారికి ఆ స్తూపాలే లింగాలుగా కనబడినవి. కొండకు ఆ పేరు అట్లు వచ్చినదే. ఆకారము మారలేదు, చూచువారు మారారు.

విజ్ఞానశాస్త్రములోనూ ఈ మాట ఉన్నది. డి.ఎన్.ఎ.లో 'టాటా' అనే చిన్న అక్షరాల వరుస కలదు. మనుష్యులలోనూ మొక్కలలోనూ అనేక జన్యువులకు కొంచెము ముందు అది ఉండి, చదువుట ఎక్కడ ప్రారంభించాలో తెలుపుతుంది. అవే అక్షరాలు మరొకచోట పడితే ఏ పనీ చేయకపోవచ్చు.

బైబిలులో బావి అటువంటిది. రిబ్కా, రాహేలు, సిప్పోరా ముగ్గురి వివాహాలకూ బావి దగ్గరే నాంది. ఈ కథలు ఎరిగినవారు, యేసు బావియొద్ద కూర్చున్నాడని యోహాను 4వ అధ్యాయములో వినగానే పెండ్లిమాట కొరకు చెవి ఒగ్గుతారు. వినబడేది అయిదుగురు పెనిమిట్లు ఉండిన స్త్రీ సంగతి. మనమో, ఆ పాత బావులను తలచుకొనకయే ఆ భాగాన్ని ఎన్నోసార్లు చదివి దాటిపోయాము.