ఏడవ తరగతి హాజరు పట్టీ

(పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనానికి కొనసాగింపుగా, 2024 జూన్‌లో బడులు తెరిచే ముందు గుంటూరు జిల్లాలోని మా పట్టణంలో జరిగిన తల్లిదండ్రుల సభలో, 1993 పదవ తరగతి బ్యాచ్ తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

మేము 1993 మార్చిలో పదవ తరగతి పరీక్షలు రాసినవాళ్ళం. ముప్పై ఏళ్ళ తరువాత, 2023 సంక్రాంతి సెలవులలో మా బడి ఆవరణలోనే మళ్ళీ కలుసుకున్నాము. ఆ రోజు ఎంత సంతోషంగా గడిచిందో మీలో చాలామంది చూశారు. తల నెరిసినవారిని గుర్తుపట్టడానికి కొంత సేపు పట్టింది. పాత మారుపేర్లు నోటికి వచ్చాక మాత్రం ఎవరూ కొత్తవారు కాలేదు. మాలో ఒకరు బ్యాంకు ఉద్యోగి, ఒకరు ఎరువుల వ్యాపారి, ఇద్దరు ఉపాధ్యాయులు, ఒకరు మసీదు వీధిలో టైలరు. ఒకరి కుమార్తె వైద్య విద్య చదువుతోంది. ఒకరు ఆ మధ్యనే గుండె చికిత్స చేయించుకుని వచ్చారు. ఎవరి కష్టసుఖాలు వారు చెప్పుకున్నాము. గురువులకు శాలువాలు కప్పాము. బిర్యానీ తిన్నాము. బడికి ఒక ముఖద్వారం కట్టించి, దాని మీద మా బ్యాచ్ పేరు చెక్కించాలని చందాలు కూడా వేసుకున్నాము.

ఆ తరువాత ఏర్పాటైన వాట్సాప్ గ్రూపులో ఒక రోజు, ఎరువుల దుకాణం నడిపే మా హిందూ మిత్రుడు ఒక పాత ఫొటో పెట్టాడు. 1990లో, ఏడవ తరగతి కామన్ పరీక్షల ముందు తీయించుకున్న ఫొటో అది. దాని కింద ఒక్క మాట రాశాడు: ‘ఇందులో ఉన్నవాళ్ళలో సగం మంది మన గ్రూపులో లేరు. మీ వాళ్ళే ఎక్కువ. ఎక్కడున్నార్రా?’

మాలో ఎవరి దగ్గరా వెంటనే జవాబు లేదు. ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకుని పాత దస్త్రాలు తిరగేశాము. ఏడవ తరగతి హాజరు పట్టీలో మేము 58 మందిమి. పదవ తరగతి పరీక్ష రాసినది 39 మంది. ఏడవ తరగతిలో ముస్లిం పిల్లలు 17 మంది ఉంటే, పదవ తరగతికి మిగిలింది ఆరుగురు. ఎనిమిది మంది ఆడపిల్లలలో పరీక్ష రాసింది ఒక్కరే. మధ్యలో రాలిపోయిన 19 మందిలో 11 మంది మన వీధుల పిల్లలు. మిగిలిన ఎనిమిది మంది దళితవాడ నుంచి, ముఠా కూలీల ఇళ్ళ నుంచి వచ్చినవారు.

సమ్మేళనానికి మేము ఎవరిని పిలిచాము? ‘1993 బ్యాచ్’ వారిని. అంటే పదవ తరగతి దాకా వచ్చినవారిని. మూడేళ్ళు పక్కన కూర్చుని, ఒకే పలక మీద లెక్కలు చేసి, ఒకే డబ్బాలో అన్నం పంచుకున్నవారు మా లెక్కలోకే రాలేదు. వారిని మేము కావాలని వదిలేయలేదు. గుర్తే రాలేదు. అదే మమ్మల్ని ఎక్కువగా బాధించింది.

వెతకడం మొదలుపెట్టాము. ఎనిమిది మంది ఇతర మిత్రుల బాధ్యత ఫొటో పెట్టిన మిత్రుడు తీసుకున్నాడు. మన పదకొండు మందిలో తొమ్మిది మంది ఆచూకీ దొరికింది. ఒకరు అల్లాహ్ సన్నిధికి చేరి పన్నెండేళ్ళయింది. ఇద్దరి జాడ ఇప్పటికీ తెలియలేదు. ఎవరి పేరూ ఇక్కడ చెప్పడం లేదు. వారి జీవితాలు వారివి. వారు చెప్పమన్నంత వరకే చెబుతాము.

ఒక మిత్రుడు మెకానిక్కు. మన బస్టాండుకు రెండు వీధుల అవతలే ఉంటాడు. మాలో ముగ్గురం ఏళ్ళ తరబడి అతని దగ్గరే బండ్లు బాగు చేయించుకుంటున్నాము. ‘నేను మిమ్మల్ని గుర్తుపట్టాను భాయ్, మీరు గుర్తుపట్టలేదని ఊరుకున్నాను’ అన్నాడు. అతడు అయిదవ తరగతి దాకా ఉర్దూ మాధ్యమంలో చదివాడు. ఆరవ తరగతి నుంచి తెలుగు తప్ప వేరే దారి లేదు. సామాన్యశాస్త్రం, సాంఘికశాస్త్రం ఏవీ అర్థం కాక, ఎనిమిదిలో తప్పి, షెడ్డులో చేరాడు. అతనికి చదువు రాదని మేమంతా అనుకున్నాము. ఇప్పుడు ఇంజను శబ్దం విని లోపం చెప్పగలడు. అతనికి రానిది బడిలో చెప్పిన భాష మాత్రమే.

మరొక మిత్రుడు కువైట్‌లో డ్రైవరుగా పద్దెనిమిదేళ్ళు పని చేసి వచ్చాడు. పదవ తరగతి ఉత్తీర్ణత లేనందున అతని పాస్‌పోర్టు ఇ.సి.ఆర్. తరగతికి చెందినది. అటువంటివారు గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళాలంటే వలస అధికారుల ప్రత్యేక అనుమతి కావాలి. అది కూలివారి రక్షణకు పెట్టిన నియమమే. కాని ఆ అనుమతి పేరు చెప్పి దళారీ ప్రతిసారీ డబ్బు గుంజాడు. ‘ఒక్క పది పాసై ఉంటే నా మొదటి రెండేళ్ళ జీతం నాకే మిగిలేది’ అన్నాడు.

ఒక సోదరి కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడాలు తీసే పనికి వెళ్తోంది. ఘాటుకు చేతులు మండి, రాత్రి నిద్ర పట్టదని చెప్పింది. ఎనిమిదవ తరగతిలో మా అందరికంటే చక్కని దస్తూరి ఆమెది. పదిహేనో ఏట పెళ్ళయింది. మేము ఆమె పెళ్ళి విందుకు వెళ్ళాము కూడా. అప్పుడు మేము పిల్లలం, నిజమే. కాని ఆ విందులో కూర్చున్న పెద్దలు ఒక్కరైనా ‘ఈ పిల్లకు చదువు ఎందుకు మాన్పిస్తున్నారు’ అని అడిగినట్టు మాలో ఎవరికీ గుర్తు లేదు.

ఇంకొక సోదరి సంగతి చెప్పక తప్పదు. ఆమె పదవ తరగతి దాకా వచ్చింది. పరీక్ష రుసుము కూడా కట్టింది. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదును కూల్చివేశారు. దేశంలో అనేక చోట్ల రక్తం చిందింది. మన ఊరిలో ఏ గొడవా జరగలేదు. అయినా వార్తలు వింటూ ప్రతి ఇంటా భయం. బడి అవతలి పేటలో ఉంది. ఆడపిల్లను అంత దూరం పంపలేమని ఆమె తండ్రి మాన్పించాడు. నాలుగు రోజులు ఆగి చూద్దామన్నాడు. ఆ నాలుగు రోజులు ముప్పై ఏళ్ళయ్యాయి. ఆ తండ్రిని మేము తప్పుపట్టలేము. కాని మేము పండ్రెండు మందిమి ఆ వీధి మీదుగానే బడికి నడిచి వెళ్ళేవాళ్ళం. ‘చాచా, మేము తోడు తీసుకువెళ్తాము’ అని ఎవరమూ ఆ గడప తొక్కలేదు. ఆమెను కలిసినప్పుడు మొదట అడిగిన మాట ఇదే: ‘ఇప్పుడెందుకు వెతికారు? అప్పుడు రెండు వీధుల అవతలే ఉన్నాను కదా.’

ఆ సోదరి మా గ్రూపులో చేరలేదు. చేరమని మళ్ళీ అడగలేదు. అది ఆమె హక్కు.

పెద్దలారా, మనం సభలలో సచార్ కమిటీ గురించి తరచుగా మాట్లాడుకుంటాము. 2006 నవంబరులో ఆ కమిటీ ఇచ్చిన నివేదిక, దేశంలో 6 నుంచి 14 సంవత్సరాల మధ్య ముస్లిం పిల్లలలో 25 శాతం మంది బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని తేల్చింది. అదే నివేదికలో మన ఉమ్మడి రాష్ట్రం గురించి మరొక సంగతి ఉంది. 2001 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ ముస్లింల అక్షరాస్యత 68 శాతం. రాష్ట్ర సగటు 60.5 శాతమే. అంటే మన పిల్లలు బడిలో చేరుతున్నారు, చదవడం రాయడం నేర్చుకుంటున్నారు. తెగిపోతున్నది ఆ తరువాతి మెట్టు. మా ఏడవ తరగతి హాజరు పట్టీ చెప్పినదీ అదే.

ఈ మెట్టు తెగితే పోరాడి సాధించుకున్నది కూడా చేతికి అందదు. 2007లో చట్టం ద్వారా వెనుకబడిన ముస్లిం సమూహాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. న్యాయస్థానాలలో ఎన్నో వాదాలు నడిచాక, 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది నిలబడింది. దానిని కాపాడుకోవడానికి మనం ఇంకా పోరాడవలసిందే. కాని పాలిటెక్నిక్‌లో సీటుకైనా, ఇంటర్‌లో చేరికకైనా పదవ తరగతి గడప దాటాలి. మా పదకొండు మంది పిల్లలకు ఆ 4 శాతం ఎక్కడో మేడ మీద ఉంది, వారి ఇంటికి నిచ్చెన లేదు.

చట్టం ఏమి ఇస్తున్నదో, ఎక్కడ ఆగిపోతున్నదో కూడా తెలుసుకోవాలి. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 సంవత్సరాల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య హామీ ఇస్తుంది. వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో చేర్చుకోకపోవడం కుదరదు. బడి మారే బిడ్డకు ప్రధానోపాధ్యాయులు వెంటనే టీసీ ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని కొత్త బడి తిరస్కరించడానికి వీలు లేదు. మధ్యలో మానేసిన బిడ్డను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. ఇవన్నీ ఎనిమిదవ తరగతి వరకే. తొమ్మిదవ తరగతి గడపలో ఈ హామీ ఆగిపోతుంది. 2022-23 నుంచి కేంద్రం మైనారిటీల ప్రీ-మెట్రిక్ ఉపకార వేతనాన్ని 8వ తరగతి దాకా నిలిపివేసి, 9, 10 తరగతులకే పరిమితం చేసింది. దానిని పూర్తిగా పునరుద్ధరించాలని మనం గట్టిగా అడగాలి. 

మేము చేసిన పని కొద్దిదే. ముఖద్వారం ఆలోచన మానుకున్నాము. ఆ చందా డబ్బును పరీక్ష రుసుములకు, పుస్తకాలకు, ఆటో ఖర్చులకు కేటాయించాము. ‘1993 పదవ తరగతి బ్యాచ్’ అన్న పేరు తీసివేసి, ‘1990 ఏడవ తరగతి’ అని పెట్టుకున్నాము. ఆ పేరు మారిన రోజే మెకానిక్కు మిత్రుడు చేరాడు. పురుషులున్న గ్రూపులో ఉండలేమన్న సోదరీమణులు తమలో తాము వేరే గ్రూపు పెట్టుకున్నారు. పదవ తరగతి రాసిన ఆ ఒక్క సోదరి దానిని నడుపుతోంది.

సార్వత్రిక విద్యాపీఠం, మనం ఓపెన్ స్కూల్ అంటున్నది, 14 సంవత్సరాలు నిండిన ఎవరికైనా పదవ తరగతి రాసే అవకాశం ఇస్తుంది. గరిష్ఠ వయసు లేదు. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి ఉత్తీర్ణులు కావాలన్న నిర్బంధమూ లేదు. తొడాలు తీసే ఆ సోదరి చేరింది. ఈ ఏడాది పరీక్ష రాసి మూడు సబ్జెక్టులు గట్టెక్కింది. లెక్కలు పోయాయి. ‘కూలి లెక్క ఏనాడూ తప్పలేదు, ఈ లెక్కలే తప్పుతున్నాయి’ అని నవ్వింది. మళ్ళీ రాస్తుంది, ఇన్షా అల్లాహ్. ఆమె ఇంత కష్టపడుతున్నది ఉద్యోగం కోసం కాదు. తన చిన్న కుమార్తె ఇప్పుడు ఎనిమిదవ తరగతి పూర్తి చేసింది. ‘అమ్మీ నువ్వు మానేశావు కదా’ అన్న మాట ఆ పిల్ల నోట రాకూడదన్నది ఆమె పట్టుదల.

మరణించిన మిత్రుని కుమారుడు ఈ నెలలో తొమ్మిదవ తరగతిలోకి వస్తున్నాడు. మామయ్య అతన్ని ఫర్నిచర్ దుకాణంలో పెడదామనుకుంటున్నారు. ఆయన చెడ్డవారు కాదు. ముగ్గురు పిల్లలను పోషిస్తున్నారు. ఆయనతో మాట్లాడుతున్నాము. ఇంకా ఒప్పుకోలేదు. అందుకే ఈ సభ ఈ రోజే పెట్టాము. బడి తెరవడానికి ఇంకా కొన్ని రోజులే ఉన్నాయి.

మీ నుంచి కోరేది పెద్దది కాదు. మీ వీధిలో ఎనిమిదవ తరగతి పూర్తి చేసిన పిల్లలెందరో, తొమ్మిదవ తరగతిలో పేరున్నవారెందరో వారం లోపల లెక్కించండి. తేడా కనబడితే ఆ ఇంటికి ఇద్దరు కలిసి వెళ్ళండి. ఆ ఇంట్లో ఆగిపోయింది దేనికో అడగండి. రుసుమా, భాషా, దూరమా, భయమా, పెళ్ళి సంబంధమా? ఒక్కొక్క కారణానికి ఒక్కొక్క పరిష్కారం ఉంది. దూరమైతే తోడు వెళ్ళేవారు కావాలి. భాష అయితే సాయంత్రం గంటసేపు చెప్పేవారు కావాలి. ఆడపిల్లలకు వసతి సమస్య అయితే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలలో మైనారిటీ బాలికలకూ సీట్లున్నాయి. దరఖాస్తు నింపడానికి మాలో ఇద్దరు ఉపాధ్యాయులు ప్రతి ఆదివారం ఈ మసీదు పక్క గదిలో కూర్చుంటారు.

ఇంకొక ముప్పై ఏళ్ళ తరువాత మీ పిల్లలూ ఇలాగే కలుసుకుంటారు. అప్పుడు వాళ్ళు పాత ఫొటో తీసి చూసుకుంటే, అందులో ఉన్నవారంతా ఆ రోజు ఎదుట కూర్చుని ఉండాలి. ‘ఇప్పుడెందుకు వెతికారు’ అని వారిని అడిగేవారు ఎవరూ మిగలకూడదు.

జాడ తెలియని మా ఇద్దరు సహాధ్యాయుల కోసం దువా చేయండి. మీలో ఎవరికైనా వారి ఆచూకీ తెలిస్తే మాకు చెప్పండి. హాజరు పట్టీలో వారి పేర్లు ఇంకా ఉన్నాయి.

ఖుదా హాఫిజ్.